పైరవీకి పద్దు ఉండాలి

లా చదివినవారికీ, ఎకనామిక్స్ చదివినవారికీ హైదరాబాద్‌లో ఈమధ్య ఒక కొత్త కొలువు కనబడుతోంది. హోదా పేరు పబ్లిక్ పాలసీ అసోసియేట్ అనో, గవర్నమెంట్ అఫైర్స్ మేనేజర్ అనో ఉంటుంది. పని మాత్రం ఒక్కటే. తమ కంపెనీకో, పరిశ్రమల సంఘానికో ఇబ్బంది పెట్టే నిబంధన ఏ శాఖలో ఏ సెక్షన్‌లో నలుగుతోందో ఆరా తీయాలి. దాన్ని ఎందుకు మార్చాలో రెండు పేజీల నోట్ రాసి, సంతకం పెట్టగల అధికారికి చేరవేయాలి. లాబీయింగ్ అన్న మాట ఆఫర్ లెటర్‌లో కనిపించదు. కనిపిస్తే ఇంట్లోవాళ్లు ‘బ్రోకర్ పనా?’ అని నిలదీస్తారన్న జంకు కావచ్చు.

ఈ పనికి అసలైన రంగస్థలం ఢిల్లీ కాదు, రాష్ట్ర రాజధానులే. మద్యం విధానం, భూముల కేటాయింపు, భవన నిర్మాణ అనుమతులు, ప్రైవేటు కాలేజీల ఫీజులు, సినిమా టికెట్ ధరలు రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. వీటిలో చాలా నిర్ణయాలు శాసనసభ గడప తొక్కకుండా జీవోలతోనే తేలిపోతాయి.

సినిమా టికెట్ల సంగతే చూడండి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో ధరలకు కళ్లెం వేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తదితరులు తాడేపల్లి వెళ్లి అప్పటి ముఖ్యమంత్రి జగన్‌ను కలిశారు. నెల తిరగకముందే, మార్చి 7న కొత్త రేట్లతో జీవో వచ్చింది. కర్ణాటకలోనూ అంతే. 2024 జులైలో ప్రైవేటు కొలువుల్లో స్థానికుల కోటా బిల్లుకు మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ బాహాటంగా వ్యతిరేకించాక రోజుల వ్యవధిలోనే దాన్ని పక్కన పెట్టారు. ఈ రెండూ లాబీయింగే. వాటిని మేం తప్పుపట్టడం లేదు. ఎవరు వచ్చారో, ఏం అడిగారో జనానికి తెలుసు. కెమెరాలు లేనప్పుడు వచ్చిపోయేవారి మాటేమిటన్నదే ప్రశ్న.

మన దేశంలో దీనికి ప్రత్యేక చట్టం లేదు. లాబీయింగ్ వివరాలు వెల్లడించాలంటూ 2013లో బీజేడీ ఎంపీ కాళికేశ్ సింగ్ దేవ్ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు బిల్లుగానే మిగిలింది. ఇంకోవైపు, 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టంలో 7ఏ సెక్షన్ ఉంది. ప్రతిఫలం పుచ్చుకుని, సొంత పలుకుబడితో అధికారి చేత తప్పుడు పని చేయిస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఉండాల్సిందే. కానీ జీతానికి నోట్ రాసిచ్చే పాతికేళ్ల కుర్రవాడికీ, సంచి మోసే దళారికీ తేడా చూపే రికార్డంటూ ఎక్కడా లేదు. నిజాయతీగా పని చేయాలనుకునే కొత్తవాడికే ఇది పెద్ద దెబ్బ. పరిచయాలున్న పాతకాపుకు రిజిస్టర్‌తో అవసరమేముంది!

అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లాబీయిస్టుల నమోదుకు నిబంధనలు పెట్టుకుంది. టెక్సస్‌లో ఎథిక్స్ కమిషన్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. కాలిఫోర్నియాలో లాబీయిస్టు ఒక శాసనసభ్యుడికి నెలకు 10 డాలర్లకు మించి కానుక ఇవ్వకూడదు. మన దగ్గర నాయకుడికి కప్పే శాలువా, చేతికిచ్చే బొకే ఖర్చే అంతకు మించుతుంది. ఈ నియమాలతో అక్కడ డబ్బు ప్రభావం పోయిందని ఎవరూ అనరు. ఎవరు ఎవరి తరఫున తిరుగుతున్నారో మాత్రం పౌరుడు వెతికి చూసుకోగలడు.

అంత దూరం పోనక్కర్లేదు. 2003 విద్యుత్ చట్టం కింద ఛార్జీలు ఖరారు చేసే ముందు మన విద్యుత్ నియంత్రణ మండళ్లు అభ్యంతరాలు స్వీకరించాలి. బహిరంగ విచారణలో ఇనుము ఫ్యాక్టరీ తరఫు న్యాయవాది మాట్లాడిన మైకు దగ్గరే రైతు సంఘం నాయకుడూ నిలబడతాడు. తర్వాత వెలువడే టారిఫ్ ఉత్తర్వులో అభ్యంతరం, దానికి డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) జవాబు, ఆపైన కమిషన్ అభిప్రాయం వరుసగా అచ్చవుతాయి. ఈ వృత్తిలోకి రాదలచిన యువత మొదట చదవాల్సింది ఆ ఉత్తర్వులే. ఏ వాదన నెగ్గింది, ఏది వీగిపోయింది, ఏ లెక్క చూపితే కమిషన్ మెత్తబడిందో ఒకే చోట దొరుకుతుంది. మంత్రి పేషీలో ఎవరు తెలుసన్నదానికంటే ఈ చదువే ఎక్కువ కాలం అక్కరకొస్తుంది.

మిగతా శాఖలకూ ఈ పద్ధతి వర్తింపజేయడానికి అడ్డేమిటి? ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రం తన శాఖలకు చెప్పింది. యాప్‌ల ద్వారా డెలివరీ, క్యాబ్ వంటి పనులు చేసే గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాపై తెలంగాణ 2025లో సూచనలు కోరింది కూడా. వచ్చిన సూచనలను, పంపినవారి పేర్లతో సహా, శాఖ వెబ్‌సైట్‌లో పెట్టడమే తరువాయి.

రెండు తెలుగు రాష్ట్రాలూ లాబీయిస్టుల నమోదు చట్టం తేవాలన్నది మా డిమాండ్. అది సభకు వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. సచివాలయంలో విజిటర్ పాస్ రాసేటప్పుడు ‘ఎవరి తరఫున వచ్చారు’ అనే గడి ఒకటి చేర్చి, ఆ వివరాలను నెలనెలా వెల్లడించాలి. దానికి సాధారణ పరిపాలన శాఖ జీవో ఒక్కటి చాలు.