అన్నదమ్ముల కథకు నల్ల ఇంకు చాలు

ఊరు విడిచి దూరదేశం వచ్చిన మన తెలుగువాళ్ల సంఘం పత్రిక ఇకనుంచి ప్రతి సంచికలోనూ ఎనిమిది పేజీలు ఒక నలుపు తెలుపు గ్రాఫిక్ నవలకు, అంటే వరుస బొమ్మలతో చెప్పే నవలకు, కేటాయించాలి. సంపాదకవర్గానికి ఇది నా విన్నపం. పాఠకుల మద్దతు కూడా కావాలి కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. ఆ నవలకు వస్తువు ఏదో కూడా చెప్పేస్తాను: ఒకే ఇంట్లో పుట్టినవాళ్ల మధ్య పోటీ. అమ్మకు ఎవరంటే ఎక్కువ ఇష్టం, నాన్న ఎవరి మాట విన్నాడు, ఎవరికి ఎంత దక్కింది, ఎవరు ఇంటిపట్టున ఉండిపోయారు, ఎవరు బయటపడ్డారు. ఏళ్లు గడిచినా, పలకరింపులు సాగుతున్నా, లోపల ఆరకుండా ఉండిపోయే ఆ మంట.

మన పత్రికల్లో అది కనిపించదు. పాత సంచికలు తిరగేయండి. అన్నయ్యలందరూ త్యాగమూర్తులే, తల్లిదండ్రులందరూ పిల్లల్ని ఒక్కలాగే చూసినవాళ్లే. ఆ జ్ఞాపకాలు అబద్ధాలని నేను అనను. దూరాన ఉన్నప్పుడు మంచే ముందు గుర్తుకొస్తుంది. కానీ తోడబుట్టినవాళ్లతో క్షేమసమాచారాలు దాటి ఒక్క మాట మాట్లాడలేనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల బతుకుకు మన పేజీల్లో చోటు లేదు. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. అయితే తెలుగులో ఆదికావ్యమని మనం తలకెత్తుకున్న భారతం ఏమిటి? మొదటినుంచీ చివరిదాకా దాయాదుల తగవే కదా. నన్నయ మొదలుపెట్టిన ఆ పనిని తిక్కన, ఎర్రన పూర్తిచేశారు. ఆ గుట్టు బయటపడిందని ఎవరూ నొచ్చుకోలేదు.

దీనికి కథ చాలదా, సినిమా చాలదా, బొమ్మలెందుకు అని అడుగుతారు. కథను ఎవరో ఒకరి నోట చెప్పించాలి. అన్న చెబితే తమ్ముడు దోషి, తమ్ముడు చెబితే అన్న. రచయిత ఇద్దరికీ దూరంగా నిలబడి చెప్పినా, ఒక వాక్యం తర్వాతే ఇంకో వాక్యం వస్తుంది. ముందు ఎవరి బాధ వింటామో మనసు కాస్త వాళ్లవైపే మొగ్గుతుంది. బొమ్మలో ఇద్దరూ ఒకేసారి ఉంటారు. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడి మొహం అదే ప్యానెల్‌లో, అంటే అదే బొమ్మ గడిలో, మనవైపు తిరిగి ఉంటుంది. సినిమాలో ఆ మొహం అరక్షణంలో దాటిపోతుంది. పేజీ మీద మనం కదిలేదాకా అదీ కదలదు.

అమెరికా చిత్రకారుడు ఆర్ట్ స్పీగెల్‌మన్ గీసిన రెండు సంపుటాల గ్రాఫిక్ నవల ‘మౌస్’ చూడండి. నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డ తండ్రి వ్లాదెక్ చెప్పిన కథగా అది లోకానికి తెలుసు. అందులో యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. నేను దాన్ని ముందుగా ఒక ఇంటి కథగా చదువుతాను. ఆర్ట్‌కు రిషూ అనే అన్న ఉండేవాడు. యుద్ధకాలంలోనే, చిన్నపిల్లాడిగా ఉండగానే చనిపోయాడు. ఆర్ట్ పుట్టింది యుద్ధం ముగిశాక, 1948లో. అన్నను కళ్లతో చూసింది లేదు. కానీ తల్లిదండ్రుల పడకగదిలో ఆ పిల్లాడి ఫొటో ఉండేది. ఫొటో మారాం చేయదు, ఏ గొడవలోనూ ఇరుక్కోదు, అమ్మానాన్నల్ని నిరాశపరచదు. రెండో సంపుటం మొదట్లో ఆర్ట్ కారు నడుపుతూ భార్యకు చెప్పుకునేది ఇదే: తన పోటీ ఒక ఫొటోతో అని.

ఆఖరి పేజీకి రండి. తండ్రి ముసలివాడై మంచం మీద ఉన్నాడు. ఆర్ట్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఇక మాట్లాడలేను, అలిసిపోయాను అంటూ తండ్రి కొడుకును పిలుస్తాడు. రిషూ అని పిలుస్తాడు. కొడుకు దాన్ని సరిదిద్దడు. ఏళ్ల తరబడి టేపు రికార్డరు పెట్టుకుని తండ్రి కథంతా విని, దాన్ని గీసిన కొడుక్కి, ఆ తండ్రి నోట దక్కిన చివరి పిలుపు చనిపోయిన అన్న పేరు. ఆ చోట రచయిత ఒక్క వ్యాఖ్య కూడా చేయలేదు. వచనంలో రాసివుంటే, ఎంత చేయి తిరిగినవాడైనా, కొడుకు మనసులో ఏమైందో ఒక వాక్యం పెట్టకుండా ఉండగలడా అని నాకు అనుమానం.

అదే పుస్తకంలో తండ్రీకొడుకుల మధ్య ఇంకో పోటీ కూడా ఉంది. అది తల్లి జ్ఞాపకం ఎవరిదన్న పోటీ. తల్లి ఆన్యా 1968లో ఆత్మహత్య చేసుకుంది. ఆ సంగతి మీద ఆర్ట్ అంతకుముందెప్పుడో గీసిన నాలుగు పేజీల కథను ‘మౌస్’ మధ్యలో ఉన్నదున్నట్టు పెట్టాడు. ఎలుకల మొహాలుండవు, మనుషులే ఉంటారు. పేజీ దాదాపు నల్లగా ఉంటుంది, ఆ నలుపును గీరినట్టుగా తెల్ల గీతలు. చుట్టూ ఉన్న సన్నటి, చేతిరాతలాంటి బొమ్మల మధ్య ఆ నాలుగు పేజీలు తగిలే దెబ్బ వేరు. ఉన్నది నల్ల ఇంకే. దాన్ని రెండు రకాలుగా వాడినందుకే ఒక కొడుకు రెండు వయసుల్లో పడ్డ బాధ తెలిసిపోతుంది. ఇక ఆన్యా రాసుకున్న డైరీలను వ్లాదెక్ తగలబెట్టేశాడని తెలిసి, కొడుకు అతన్ని హంతకుడని అనుకునే చోట మొదటి సంపుటం ముగుస్తుంది.

నలుపు తెలుపులు ఎందుకన్నదానికి నా జవాబు కొంత ఇక్కడే ఉంది. మిగతాది పోలికలో ఉంది. ఒక ఇంట్లోవాళ్లకు పోలికలుంటాయి. ఒకే పాళీ గీసిన ముక్కు, ఒకే పాళీ గీసిన దవడ అన్నకూ తమ్ముడికీ వస్తాయి. ఒకరంటే ఒకరికి గిట్టనివాళ్లు ఒకేలా కూర్చుంటారు, ఒకేలా తల వంచుకుంటారు. రంగులు దిద్దితే చొక్కా రంగు, గోడ రంగు మన చూపును విడగొట్టి ఇద్దర్నీ వేరు చేసేస్తాయి. పైగా వెచ్చటి రంగు ఎవరి గదికి వేస్తే మన అభిమానం వాళ్లవైపు జరుగుతుంది, అంటే తీర్పు అయిపోయినట్టే. ఇంకు ఆ పని చేయదు. చెడ్డవాళ్లను నల్లగా, మంచివాళ్లను తెల్లగా చూపడానికే నలుపు తెలుపులని కొందరు అనుకుంటారు. మంచి పుస్తకాల్లో నేను చూసింది వేరు. నీడ ఇద్దరి మొహాల మీదా పడుతుంది, వెలుతురు ఇద్దరికీ అందుతుంది. ఏ పేజీలో ఎవరి మీద ఎంత నలుపు పడిందో గమనిస్తూ పోతే చాలు, ఆ తగవు లెక్క తెలుస్తుంది.

కెనడా చిత్రకారుడు సేత్ ‘క్లైడ్ ఫ్యాన్స్’ పూర్తిగా నలుపు తెలుపు కాదు, నల్ల ఇంకుకు తోడు నీలం కలిసిన బూడిద ఛాయ ఉంటుంది. అయినా దాన్ని ఈ వరుసలోనే పెడతాను. అందులో ఏబ్, సైమన్ అన్నదమ్ములు. తండ్రి ఇల్లొదిలి పోయాడు, విద్యుత్ ఫ్యాన్ల వ్యాపారం మిగిలింది. ఏబ్ వ్యాపారం చూసుకుంటాడు. సైమన్ 1957లో ఒకసారి సరుకు అమ్మడానికి ఊరెళ్లి ఏమీ అమ్మలేక వస్తాడు, ఆ తర్వాత ఇంట్లోనే ఉండిపోయి, మతిమరుపు ముదిరిన తల్లిని చూసుకుంటాడు. ఇద్దరూ పోట్లాడుకునే ఘట్టాల కోసం వెతికితే పెద్దగా దొరకవు. మొదటి భాగమంతా ముసలి ఏబ్ ఒక్కడే ఖాళీ కొట్లో, పై గదుల్లో తిరుగుతూ మనతో మాట్లాడుతూ ఉంటాడు. సైమన్ ఉండడు. అన్న మాటల్లో తమ్ముడు ఎన్నిసార్లు వచ్చిపోతాడో చూస్తే, గెలిచానని అనుకున్నవాడికి కూడా ఆ పోటీ ఎంత భారమైందో అర్థమవుతుంది. వెళ్లినవాళ్లం మనం. ఉండిపోయి తల్లిదండ్రుల్ని చూసుకున్నవాళ్లు వేరే ఉన్నారు. ఆ పుస్తకం మనలో ప్రతి ఒక్కరూ చదవాల్సిందని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే.

జపాన్ నుంచి ఒసాము తెజుకా ‘అయాకో’ది ఇంకో దారి. అది అచ్చమైన నలుపు తెలుపు, దాదాపు 700 పేజీలు, 1972, 73ల్లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. యుద్ధం ఓడిపోయాక జపాన్‌లో భూసంస్కరణలు వచ్చి, భూస్వాముల పొలాలు కౌలుదార్ల చేతికి వెళ్లాయి. తెంగే వంశం అలా భూములు జారిపోతున్న వంశం. మిగిలినదాని కోసం పెద్దకొడుకు ఇచిరో ఏ మెట్టుకైనా దిగుతాడు. వారసత్వం దక్కుతుందని కట్టుకున్న భార్యనే తండ్రికి అప్పగిస్తాడు. ఆ బంధంలో పుట్టిన పిల్ల అయాకో. ఇంటి నేరం ఒకటి కంటపడిందని ఆ చిన్నపిల్లను గోదాం కింద నేలమాళిగలో వేసి తాళం పెట్టి, చనిపోయిందని లోకానికి చెబుతారు. ఏళ్లకేళ్లు పిల్ల ఆ చీకట్లోనే పెరుగుతుంది. ఆ చీకటిని గీయడానికి తెజుకాకు ఇంకు తప్ప ఏ రంగూ అక్కర్లేకపోయింది. ఇది పెద్దలకే తగిన పుస్తకం, మన పత్రికలో ఇలాంటిది వేయమని నేను అడగడం లేదు. కాకపోతే ఆస్తి తగాదాలో నోరులేనివాళ్ల మీద ఏం పడుతుందో ఇంత నిక్కచ్చిగా చెప్పినది నేను ఇంకెక్కడా చదవలేదు.

ఫ్రాన్స్‌లో దవీద్ బే ‘ఎపిలెప్టిక్’ కూడా ఇందులోదే. అన్నకు మూర్ఛ జబ్బు, ఇంట్లో అందరి చూపూ అతని మీదే. తమ్ముడు తన కోపాన్నీ భయాన్నీ యుద్ధాల బొమ్మలుగా గీసుకుంటాడు. పేజీలు నలుపుతో కిక్కిరిసిపోతాయి.

ఇప్పుడు అభ్యంతరాలు. బొమ్మల పుస్తకాలు పిల్లలవని ఇంకా అనేవాళ్లున్నారు. ‘మౌస్’కు 1992లో అమెరికాలో పేరున్న పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. కెనడాలో పేరున్న గిల్లర్ బహుమతి తొలి జాబితాకు 2020లో ‘క్లైడ్ ఫ్యాన్స్’ ఎక్కింది, అంతకుముందు ఏ గ్రాఫిక్ నవలా అక్కడికి చేరలేదు. ఈ వాదన ఇక్కడితో ముగించవచ్చు.

రెండో అభ్యంతరం బరువైనది: ఇంట్లోవాళ్ల పరువు బజారుకెక్కదా? ఎక్కే ప్రమాదం ఉంది. తండ్రిని గీస్తున్నప్పుడు ఆర్ట్‌కు ఆ బెంగ ఉంది. పిసినారి యూదుడంటూ లోకం వేసే వెక్కిరింత బొమ్మలాగే తన తండ్రి కనిపిస్తున్నాడని మథనపడ్డాడు, ఆ మథనాన్ని పుస్తకంలోనే గీశాడు. మనవాళ్లకు అంత తెగువ అక్కర్లేదు, కల్పన ఉంది. టొరాంటోలో మూతపడ్డ ఒక ఫ్యాన్ల కొట్టు అద్దంలోంచి లోపల గోడ మీద రెండు ఫొటోలు చూసి సేత్ తన అన్నదమ్ముల్ని కల్పించుకున్నాడు. ఆ కొట్టువాళ్ల ఇంటి సంగతులు అతనికి అవసరం కాలేదు. మొహాలు మార్చండి, ఊరు మార్చండి, వ్యాపారం మార్చండి. తోడబుట్టినవాళ్లు ఎదురుపడ్డప్పుడు ఎవరి చూపు ముందు కిందికి దిగుతుందో అది మాత్రం మార్చకండి.

చిన్న పత్రికకు ఇంత పని సాధ్యమా అనుకోవద్దు. ‘మౌస్’ పుట్టిందే చిన్న పత్రికలో. ఆర్ట్, ఆయన భార్య ఫ్రాన్స్వాజ్ మూలీ కలిసి 1980లో మొదలుపెట్టిన ‘రా’ పత్రిక పెద్ద సైజుది. అందులో రెండో సంచిక నుంచి ‘మౌస్’ను ఒక్కో అధ్యాయంగా చిన్న పుస్తకంలా కుట్టి ఇచ్చేవాళ్లు. బొమ్మల్ని అచ్చయ్యే సైజులోనే, ఫౌంటెన్ పెన్నుతో గీశాడు. మొదటి సంపుటం పుస్తకంగా రావడానికి 1986 దాకా పట్టింది. ‘క్లైడ్ ఫ్యాన్స్’కు 1997 నుంచి 2019 దాకా, అంటే ఇరవయ్యేళ్లకు పైనే. సంచికకు ఎనిమిది పేజీలంటే మనకూ ఏళ్లే పడుతుంది. పట్టనివ్వండి. ఒక కుటుంబం తగవు తెగడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది కాబట్టి పాఠకులు ఆ వేగానికి అలవాటుపడతారు.

గీసేవాళ్ల కొరత మనకు ఎన్నడూ లేదు. బాపు నల్లటి గీత ఒక్కటి చూసి, ఆ మనిషి కోపంగా ఉన్నాడో అలిగి ఉన్నాడో చెప్పగల కళ్లు మనవి. ఇంగ్లీషులో చదివి పెరిగిన మన పిల్లల్లో చక్కగా గీసేవాళ్లున్నారు, తెలుగులో సంభాషణ రాయగల పెద్దలున్నారు. ఒకరు రాసి, ఒకరు గీయవచ్చు. మొదలుపెట్టే ముందు ఒక సంగతి చూసుకోవాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ జాగా కావాలి. ఇంగ్లీషు కామిక్స్ కొలతలతో మాటల బుడగలు గీసి, తర్వాత తెలుగు ఇరికిస్తే ఒత్తులు నలిగిపోతాయి. అందుకని పెన్సిల్ దశలోనే సంభాషణ చేత్తో రాసేయాలి, బుడగ దాని చుట్టూ తర్వాత గీయాలి. కంప్యూటర్ అక్షరాలు వద్దనే నా సలహా. బొమ్మ గీసిన పాళీతోనే మాట కూడా రాస్తే, అన్న గొంతు పెంచినప్పుడు అక్షరం లావెక్కుతుంది, తమ్ముడు గొణిగినప్పుడు సన్నబడుతుంది. వచ్చే సంపాదకవర్గ సమావేశానికి నమూనాగా రెండు పేజీలు తెచ్చేవాళ్లుంటే నాకు రాయండి, వాళ్లతో కలిసి సంభాషణ రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.