గోళెం వెనుక పంచాయితీ

(దేవరకొండ పక్క పల్లె. ముసురు. పెరట్లో గోళెం వెనుక జానెడు కూడా లేని నల్లటిదేదో మెలికలు తిరుగుతోంది. నాయినమ్మ చీపురుకట్ట ఎత్తింది. బైపీసీ చదివే మనుమరాలు స్వాతి అడ్డం నిలబడింది.)

నాయినమ్మ: జరుగు పోరీ! పాము.

స్వాతి: పాము కాదే, సిసీలియన్. కప్పలకు చుట్టం.

నాయినమ్మ: కప్పల చుట్టానికి కాళ్లేవి మరి?

స్వాతి: ఒకప్పుడు ఉండె. అమెరికాల, అరిజోనాల రాళ్లల్ల ఒకటి దొరికింది. చిన్న చిన్న కాళ్లున్నయి దానికి. 1993ల జెంకిన్స్, వాల్ష్ అనేటోళ్లు ఇయోసిసీలియా అని పేరు పెట్టిండ్రు. జురాసిక్ కాలం మొదట్లది, డైనోసార్లు తిరిగినప్పటిది.

నాయినమ్మ: మీ అన్న లెక్క పండుకొని ఫోన్ సూసుకుంట ఉంటే అరిగిపాయెనా?

స్వాతి: వాడకపోతే పోవుడు గాదు! మన్నుల దూరేటప్పుడు కాళ్లు అడ్డం తగుల్తయి. పుట్టుకతోనే పొట్టి కాళ్లున్నయి సులువుగ దూరినయి, బతికినయి, పిల్లల్ని ఎక్కువ కన్నయి. లచ్చల ఏండ్లు గట్లనే నడిచింది.

నాయినమ్మ: అయితే మీ అన్న కాళ్లు యాడికి పోవు. రేపు పొలానికి పంపొచ్చు. కండ్లు గూడ పాయెనా?

స్వాతి: ఉంటయి, తోలు కింద. కొన్నిటికైతే బొక్క కింద. వెలుగు, చీకటి తెలుస్తది, అంతే. కన్నుకు, ముక్కుకు నడుమ చిన్న మీసం ఉంటది. దాంతోని వాసన పడ్తది. వెన్నెముక ఉన్న ఇంకే జీవానికీ గసొంటిది లేదు.

నాయినమ్మ: నాకూ కండ్లల్ల పొరలొచ్చె. మీసం మాత్రం మొలవలే.

స్వాతి: గిది ఇను. కెన్యల ఒక జాతి ఉన్నది. పిల్లలు తల్లి తోలునే గీక్కొని తింటయి. 2006ల తేల్చిండ్రు. పై తోలు నిండ కొవ్వు. తల్లి చావదు, మల్ల కొత్త తోలొస్తది.

నాయినమ్మ: గది తేల్చనీకె కెన్యదాక పోవుడెందుకు? మీ నాయిన నా తోలు తిన్నడు, ఇప్పుడు ఇంటి జాగ మీద పడ్డడు. నాకైతే కొత్త తోలు రాలే.

స్వాతి: బ్రెజిల్ల ఇంకోటి పాలు గూడ ఇస్తదే! 2024ల బయటపెట్టిండ్రు. పిల్లలు సప్పుడు చేస్తే తల్లి తోక దిక్కుకెళ్లి వస్తయి.

నాయినమ్మ: తోక దిక్కా! థూ... ఇంక నేను చాయ తాగలే, పో.

(నాయినమ్మ వంగి చూసింది.)

నాయినమ్మ: ఆగు. కప్పల చుట్టమంటివి, ఒంటికి బంక లేదేందే? పొలుసులు మెరుస్తున్నయి. అగో, నాలిక తీస్తుంది.

స్వాతి (ఫోన్ లైటు పట్టి, చాలాసేపటికి): గుడ్డిపాము.

నాయినమ్మ: ఏం పాము? గట్టిగ చెప్పు.

స్వాతి: గుడ్డిపామే! సిసీలియన్లకు ఒళ్లంత ఉంగరాలుంటయి, తోలు తడారొద్దు. మన దేశంల ఎక్కువ పడమటి కనుమల దిక్కే.

నాయినమ్మ: మన ఎండలకు ఎర్రలే దొరకయి, గవి యాడికెళ్లొస్తయి? నీట్ల గూడ గిట్లనే రాస్తవా?

స్వాతి: చంపకు మాత్రం. మనుషులకు ఏం చెయ్యదు. చీమల గుడ్లు, చెదలు తిని బతుకుతది. దొరికినయన్నీ ఆడియే. మగది లేకుంటనే గుడ్లు పెడ్తది.

(చీపురుకట్ట దిగింది.)

నాయినమ్మ: చెదలు తింటదా? మొదలే చెప్పొద్దా! పార మీదికెత్తు, ఎనుక దర్వాజ కాడ ఇడువు, మొత్తం చెదలే ఆడ. మగది అక్కర్లేదన్న ముచ్చట మాత్రం మీ తాత చెవుల ఎయ్యకు, పొద్దంత నన్నే సతాయిస్తడు.