రేడియో ఏరియల్‌తో చేపలు పడవు తమ్ముడూ

మొన్న ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో చేపలు పట్టే కిట్టు ఫొటో పెట్టాడు. "అన్నా, రాడ్డు, రీలు, దారం, గేలాలు, రబ్బరు చేపలు, సంచీ, అన్నీ కలిపి 1,499. తీసుకోనా?" వద్దురా బాబూ. ఆ సంచీ మా ఇంట్లోనూ ఉంది. మా ఆవిడ అందులో గొడుగులు పెడుతోంది.

నేనూ మొదట అలాంటి మడత రాడ్డే కొన్నాను. లాగితే పొడుగవుతుంది, నొక్కితే బ్యాగులో పడుతుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. విశాఖలో జోడుగుళ్ళపాలెం బీచ్ దగ్గర రాళ్ళ మీద నిలబడి టకటకా లాగుతుంటే, పక్కన చేతి గేలం వేసుకుంటున్న పెద్దాయన ఎగాదిగా చూసి "ఏటి బాబూ, ఇది గేలమా, రేడియో ఏరియలా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. మూడో వారానికి ఇసక గొట్టాల మధ్యకు దూరింది. నొక్కితే కరకరమంటుందే గానీ లోపలికి పోదు. సగం మూసుకున్న రాడ్డును బైకు మీద అడ్డంగా పట్టుకుని, బీచ్ రోడ్డు పొడుగునా తిట్లు తింటూ ఇంటికొచ్చాను.

అంతటితో అయిపోలేదు. రాడ్డు కొసన దారం దూరే రింగులో పింగాణీ చుట్టు ఒకటుంటుంది, దారం రాసుకునేది దాని మీదే. అది ఎప్పుడు ఊడిపోయిందో చూసుకోలేదు. దారం ఒట్టి ఇనుప అంచు మీద నడుస్తోందన్నమాట. ఓ సాయంత్రం మంచి పార చేప పడింది. రెండు బారల దూరంలోకి వచ్చాక టప్‌మని తెగింది. దారం నాసిరకమని ఇంకో చుట్ట కొన్నాను. అదీ తెగింది. అప్పుడు గానీ రింగు వైపు చూడలేదు, నా తెలివి అలా ఏడిసింది.

ఆ కిట్టుకి బోలెడు ఐదు స్టార్ల రివ్యూలున్నాయి. చదివి చూడండి: "ప్యాకింగ్ బాగుంది", "టైముకి వచ్చింది". ఒక్కడూ ఉప్పునీళ్ళు తగిలాక ఏమైందో రాయడు.

డబ్బులు తక్కువున్నప్పుడు నా మాట ఒకటే. రెండు ముక్కలుగా ఊడొచ్చే 9 అడుగుల ఫైబర్ గ్లాస్ రాడ్డు, లేదా కాస్త కార్బన్ కలిపిన గ్లాస్ రాడ్డు తీసుకోండి. బరువుంటుంది, గంటసేపు విసిరితే భుజం లాగుతుంది, అబద్ధం చెప్పను. కానీ రాయికి తగిలినా, కింద పడినా అంత తేలిగ్గా చావదు. చవక కార్బన్ రాడ్డు ఒక దెబ్బ తిని పైకి బాగానే కనిపిస్తుంది, తర్వాత ఏదో రోజు చేప పడ్డప్పుడు ఫెళ్ళుమంటుంది. రాడ్డు మీద "ఐఎం8" అని బంగారు అక్షరాలు చూసి మురిసిపోకండి. ఐఎం6, ఐఎం7 అనేవి మొదట ఒక కంపెనీ తన కార్బన్ పోగులకు పెట్టుకున్న పేర్లు. ఇప్పుడు ఎవడైనా అచ్చేసుకుంటాడు, అడిగే నాథుడు లేడు.

చదవాల్సింది పిడికి కాస్త పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది: 20–60 గ్రాములనో, 10–30 గ్రాములనో. రాడ్డు విసరగలిగే బరువది. దారానికి బరువు కోసం కట్టే సీసం ఒక్కటే కాదు, గేలానికి గుచ్చిన రొయ్య కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మన ఒడ్డున అల విరిగే చోటు దాటించాలన్నా, నీటి లాగుడులో సీసం ఒకచోట నిలబడాలన్నా 40, 50 గ్రాములైనా ఉండాలి. 10–30 రాడ్డుకి అది కట్టి బలంకొద్దీ విసిరితే చేప దాకా ఎందుకు, గాల్లోనే విరగొచ్చు.

కొట్లో కొనేవాళ్ళు జేబులో చెవి దూది పుల్ల ఒకటి పెట్టుకెళ్ళండి. ప్రతి రింగులోనూ తిప్పండి. దూది పోగు పట్టుకుందంటే అక్కడ పగులుంది. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

హ్యూస్టన్‌లో ఉండే మా బావ దగ్గర్లోని సముద్రతీరం గాల్వెస్టన్ వెళ్ళి, నీళ్ళలోకి వంతెనలా కట్టిన పియరు మీద నుంచి గేలం వేస్తాడు. ఆయనకి ఈ పొడుగు అక్కర్లేదు, 7 అడుగులు చాలు, లోతు కాళ్ళ కిందే ఉంటుంది. ఆయన తిప్పలు వేరు. చేపని అంత ఎత్తుకి రాడ్డుతోనే లేపబోయి కొస విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు నిటారుగా లేపేస్తే బరువంతా సన్నటి కొస మీదే పడుతుంది. తాడు కట్టిన వల దించి ఎత్తుకోవాలి. ఇక్కడ రాళ్ళ మీద నిలబడి జెల్ల చేపని లాగేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

రీలు 4000 సైజు, అంటే మధ్యరకం, చాలు. ఇంటికి రాగానే రింగులు, రీలు బిగించే మరలు మంచినీళ్ళతో కడగండి. రెండు ముక్కలూ విడదీసి ఆరబెట్టండి, లేకపోతే ఉప్పు పట్టి ఒకదాంట్లో ఒకటి బిగుసుకుపోతాయి.

తమ్ముడూ, ఆ 1,499 జేబులోనే ఉంచు. ఆదివారం పొద్దున ఐదున్నరకి వస్తే నా రాడ్డిస్తాను, నాలుగుసార్లు విసిరి చూడు. రొయ్యలు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి.