కొలంబియా ఎక్కడ పుట్టింది?

మా తెలుగు బడి పిల్లలు గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిందని గడగడా చెప్పేస్తారు. మొన్న క్లాసులో "మరి కొలంబియా?" అని అడిగాను. "అది సౌత్ అమెరికాలో దేశం అంకుల్" అన్నాడొకడు. వెనక కూర్చున్న అమ్మానాన్నలు నవ్వారు గానీ జవాబు వాళ్లూ చెప్పలేదు.

కెనడా రాకీ పర్వతాల్లో పుట్టి, దాదాపు 2,000 కిలోమీటర్లు పారి పసిఫిక్‌లో కలిసే నది అది. గోదావరి కంటే పొడుగు. సియాటిల్ చుట్టుపక్కల ఉన్న మన ఇళ్ల నుంచి రెండున్నర గంటల దూరంలో, వాంటేజ్ అనే ఊరి దగ్గర ఐ-90 హైవే దాన్ని దాటుతుంది.

పిల్లల్ని అనడానికి నాకూ నోరు లేదు. చాలా ఏళ్లు నాకు వాషింగ్టన్ రాష్ట్రమంటే మనవాళ్లుండే బాథెల్, రెడ్‌మండ్, సమామిష్ ఊళ్లే. ఇక కొండంటే, ఎండ కాసిన రోజు ఆఫీసు కిటికీలోంచి కనిపించే రెయినీర్. 14,410 అడుగుల ఆ కొండను ఇక్కడి ఆదివాసులు తహోమా అంటారు. టకోమా ఊరి పేరు అందులోంచే వచ్చింది. 1792లో వాంకూవర్ అనే నావికుడు తన స్నేహితుడు రెయినీర్ పేరు దానికి పెట్టాడు. ఆ స్నేహితుడు ఈ కొండను ఒక్కసారైనా చూడలేదట!

కాస్కేడ్ కొండల్లోని స్నోక్వాల్మీ కనుమ దాటి తూర్పుకు వెళ్తే లోకమే మారిపోతుంది. సియాటిల్‌లో ఏడాదికి 37 అంగుళాల వాన పడితే, కనుమ అవతలి ఎలెన్స్‌బర్గ్‌లో తొమ్మిదే. మబ్బుల్ని ఆ కొండలే పిండేసుకుంటాయి. వానచాటు అంటే ఏమిటో అనంతపురం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆ ఎండిన నేలకు నీళ్లిచ్చేది కొలంబియా మీద కట్టిన గ్రాండ్ కూలీ డ్యామ్. 1933లో మొదలుపెట్టి 1942లో పూర్తి చేశారు. సుమారు 6,70,000 ఎకరాలకు సాగునీరు, అమెరికాలో మరే కేంద్రానికీ లేనంత విద్యుత్ సామర్థ్యం. కానీ చేపలు ఎక్కడానికి దారి వదల్లేదు. సముద్రం నుంచి సాల్మన్ చేపలు పైకి రావడం ఆగిపోయింది. వేల ఏళ్లుగా ఆదివాసులు చేపలు పట్టిన కెటిల్ ఫాల్స్ మునిగిపోయింది. 1940 జూన్‌లో అన్ని తెగలవాళ్లూ అక్కడ చేరి మూడు రోజులు ఆ జలపాతానికి కన్నీటి వీడ్కోలు చెప్పారు. శ్రీశైలం నీళ్లు తగ్గిన వేసవిలో బయటపడే సంగమేశ్వరం గుడిని చూసినవాళ్లకు ఈ సంగతి వేరేగా వినిపిస్తుంది. మన ఊళ్లు మునిగిన కథలు చెప్పుకుని బాధపడతాం. ఇక్కడ మనం వాడుకుంటున్న కరెంటు వెనక మునిగిన ఊళ్లను మాత్రం ఎన్నడూ అడగలేదు.

అందుకే మన పిక్నిక్ కమిటీకి నా మాట: ఏటా అదే పార్కులో, అదే షెడ్డు కింద పిక్నిక్ చాలు. ఈసారి గ్రాండ్ కూలీ వెళ్దాం. నాలుగు గంటల దారి, పొద్దున్నే బయల్దేరాలి. బస్సులు మాట్లాడే పని నాది. మర్నాడు యాకిమా మీదుగా తిరిగొద్దాం. ఆగస్టు చివర్లో అయితే అక్కడి తోటల్లో మిరపకాయలు మనమే కోసుకోవచ్చు.