ఫాదర్‌గారి బకాయి

పదో తరగతి వీడ్కోలు సభ పరీక్షలకు ముందే పెట్టాలని ఎవరు కనిపెట్టారో గాని, మహానుభావుడు. ముహూర్తానికి ముందే అప్పగింతలు పెట్టి, అందర్నీ ఏడిపించి, మర్నాడు పొద్దున్నే పెళ్లికూతుర్ని మళ్లీ వంటింట్లోకి పంపినట్టుంటుంది వ్యవహారం. శుక్రవారం సాయంత్రం పిల్లలు ఒకరి తెల్లచొక్కా మీద ఒకరు స్కెచ్ పెన్నులతో సంతకాలు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తారు. శనివారం ఉదయం ఏడింటికి స్టడీ అవర్‌కి అదే గేటు, అదే వాచ్‌మేన్, అదే "లేటెందుకయింది?"

ఈ మార్చి మొదటి వారంలో శ్రీకాకుళంలోని ఒక క్యాథలిక్ స్కూల్లో అలాంటి సభకు వెళ్లే బాధ్యత నా మీద పడింది. మా అప్ప, అంటే అక్క, కొడుకు పదో తరగతి. సభంతా ఇంగ్లీషులో ఉంటుందని, అర్థం చెప్పడానికి అప్ప నన్ను వెంటబెట్టుకెళ్లింది. దుబాసీగా నేను చూసినవీ విన్నవీ ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ముందుగా మనవాళ్ల మతసామరస్యం గురించి. మా వైపు ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా కాన్వెంటే. సిస్టర్లు ఉండనక్కర్లేదు, గేటు మీద ఆంజనేయస్వామి ఉన్నా కాన్వెంటే. అలాంటిది నిజంగానే సిస్టర్లూ ఫాదర్లూ ఉన్న బడి దొరికితే వదులుతామా? అడ్మిషన్ రోజున మనం కోరుకున్నవి రెండే, డిసిప్లినూ ఇంగ్లీషూ. వాటితో పాటు ఏసుప్రభువు ఫ్రీగా వచ్చాడు కాబట్టి పదేళ్లూ పెద్దగా పట్టించుకోలేదు. పరీక్షల నెలలో మాత్రం పట్టించుకుంటాం. ఆ రోజు ఆవరణలో మరియమాత గుహ ముందు కొవ్వొత్తుల మధ్య రెండు కొబ్బరి చెక్కలు, ఒక అరటిపండు, అరసవల్లి కుంకుమ పొట్లం కనిపించాయి. ఒక సిస్టర్ వాటిని చీమలు పట్టకముందే తీసి పళ్లెంలో పెడుతోంది. ఏటా ఉండే పనే కాబోలు, ముఖంలో ఏ ఆశ్చర్యమూ లేదు.

ఈ బళ్ల వెనక కథ పాతదే. 1846లో ఆన్సీ అనే ఊరి నుంచి మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. ఆ ఊరు ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది, అప్పటికింకా అందులో కలవలేదు. శ్రీకాకుళానికి సొంత బిషప్ రావడానికి మాత్రం 1993 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మిషనరీల సంఘం ఫ్రాన్సిస్ డి సేల్స్ అనే పునీతుడి, అంటే సెయింట్ పేరు మీద ఏర్పడింది. 1567లో పుట్టిన ఆయన, ఆల్ప్స్ కొండల దగ్గర షాబ్లే అనే ప్రాంతానికి వెళ్లి ప్రసంగిస్తే వినడానికి జనం రాలేదట. ఆయన విసుక్కోకుండా, చెప్పదలచుకున్నదంతా కాగితాల మీద రాసి ఇళ్ల తలుపుల కింద నుంచి లోపలికి తోసేవాడు. 1923లో పోప్ ఆయన్ని రచయితలకూ జర్నలిస్టులకూ పాలక పునీతుడిగా ప్రకటించాడు. అంటే, విననివాళ్ల కోసం రాసేవాళ్లందరికీ ఆయనే దిక్కు. నాక్కూడా.

ఆ విద్య మా శ్రీకాకుళంలో ఇంకా బతికే ఉంది. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు మా అప్ప తలుపు కింద నుంచి కాగితాలు తోస్తూనే ఉన్నారు. పునీతుడికి లేని సౌకర్యం ఒకటి వీళ్లకుంది. కాగితం తోశాక ఫోన్ కూడా చేస్తారు. "మేడమ్, ఈ ఆదివారంలోగా కడితే కన్సెషన్." మోక్షానికి కూడా ఇలా లాస్ట్ డేట్ పెట్టి ఉంటే షాబ్లే జనం మొదటి ప్రసంగానికే వచ్చేవారు.

సభ హాల్‌టికెట్ల ఆశీర్వాదంతో మొదలైంది. 2025 నుంచి ప్రభుత్వం హాల్‌టికెట్లు వాట్సాప్‌లో కూడా ఇస్తోంది. కానీ వాట్సాప్‌లో తీర్థం చల్లే ఏర్పాటు లేదు కాబట్టి, పిల్లలందరూ హాల్‌టికెట్టూ రెండు పెన్నులూ దోసిట్లో పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఫాదర్‌గారు ప్రార్థన చదివి పవిత్ర జలం చల్లుతూ వస్తున్నారు. మావాడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి కాస్త ధారాళమైంది. ఒక పెద్ద చుక్క సరిగ్గా హాల్‌టికెట్ నంబర్ మీద పడింది. మావాడు ఆ ప్రింటు తీయించింది సందు చివర నెట్ సెంటర్లో, చవక ఇంకుతో. చివరి అంకె ఎనిమిదో మూడో తెలియకుండా నీలంగా పాకిపోయింది. ఎప్పుడూ టెన్షన్ పడని మా అప్ప లేచి నిలబడి, చీర కొంగుతో అద్దుతూ, "దేవుడి నీళ్లే కదా, ఏం కాదు" అని వాడికి చెబుతూ, నా వైపు తిరిగి "ఇంకో ప్రింటు తీయించరా" అని రహస్యంగా చెప్పింది. విశ్వాసానికీ జాగ్రత్తకూ మధ్య ఇంత చక్కటి పొందిక నేనింకెక్కడా చూడలేదు.

తర్వాత ప్రసంగం. ఫాదర్‌గారు ఇంగ్లీషులో మొదలుపెట్టారు. మార్కులే జీవితం కాదన్నారు. ఆయన వెనక పన్నెండు అడుగుల ఫ్లెక్సీ మీద కిందటేడాది పిల్లల ఫొటోలూ, ఆరువందలకి ఎవరికెన్ని వచ్చాయో అంకెలూ ఉన్నాయి. ఆయన మాటకొకసారి ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఒక 594 కనబడుతూ మాయమవుతూ ఉంది. నేను అప్ప చెవిలో "మార్కులే జీవితం కాదంటున్నారు" అని అనువదించాను. "మరేటి జీవితం?" అంది అప్ప, ఫ్లెక్సీ మీంచి చూపు తిప్పకుండా. దుబాసీకి సమాధానాలు చెప్పే అధికారం లేదు.

అక్కడి నుంచి ఫాదర్‌గారు బైబిల్లో ఏసుప్రభువు చేసిన కొండమీది ప్రసంగంలోకి వెళ్లారు. మీరు లోకానికి ఉప్పు అన్నారు. ఉప్పు సారం పోతే దేనికి పనికొస్తుందని అడిగి, అలవాటు ప్రకారం జవాబు కోసం ఆగకుండా ముందుకు పోబోయారు. మూడో వరసలో ఒక కుర్రాడు లేచాడు. నౌపడ పిల్లాడు. వాళ్ల నాన్న అక్కడి ఉప్పు మడుల్లో పని చేస్తాడని తర్వాత తెలిసింది.

"ఉప్పుకి సారం పోదు ఫాదర్," అన్నాడు తెలుగులోనే. "వానొస్తే ఉప్పే పోద్ది."

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ బడిలో తెలుగు మాటకి పది రూపాయలు ఫైన్. క్లాస్ లీడర్ దగ్గర దానికో నోట్‌బుక్ ఉంటుంది. అందరూ ఫాదర్‌గారి వైపు చూశారు. ఆయన చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయనది సాలూరు వైపు. ఆ సంగతి ఆ క్షణం దాకా ఆ హాల్లో ఎవరికీ తెలిసినట్టు లేదు.

"నిజిమేరా బావూ," అన్నారు. "వానకి పోద్ది. మా ఇంట వరి కూడా ఓపాలి అలాగే పోనాది. నాను ఏటి సెప్పాలనుకున్నానో మరిసిపోనాను. సరే. మీరు ఏ హాస్టల్లో పడినా సాయంకాలం ఓపాలి ఇంటికి ఫోన్ సెయ్యండ్రా. అమ్మని తిన్నావా అని అడగండి. మార్కులు సెప్పకపోయినా పరవాలేదు, అదడగండి."

ఇలా రెండు నిమిషాలు మాట్లాడారు. నా ఉద్యోగం ఊడింది. అప్పకి అర్థం చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. కొంగు మళ్లీ కళ్లకి వెళ్లింది, ఈసారి హాల్‌టికెట్ కోసం కాదు. వెనక బెంచీలో క్లాస్ లీడర్ మాత్రం విధి మరవలేదు. నోట్‌బుక్‌లో నిలువు గీతలు గీస్తూ, అయిదుకొక అడ్డగీత కొడుతూ ఉన్నాడు. ‘బావూ’ని మాటగా లెక్కించాలా వద్దా అని పక్కవాడితో చిన్న వివాదం వచ్చింది. లెక్కించాలని తేలింది. మొత్తం 214 మాటలు, 2,140 రూపాయలు.

ఇక్కడ విద్యాశాఖకు నాదొక సూచన. ఇంత మంచి మాట పిల్లల తలలోకి ఎక్కాలంటే దాన్ని సిలబస్‌లో పెట్టాలి. ‘అమ్మని ఏమని అడగవలెను?’ నాలుగు మార్కులు. గైడులో స్టార్ గుర్తు, రెండుసార్లు వచ్చిన ప్రశ్న అని పక్కన సంవత్సరాలు. మోరల్ సైన్స్ పీరియడ్‌లో చెప్పుకోవచ్చు కదా అంటారేమో. ఆ పీరియడ్‌ని జనవరిలోనే మ్యాథ్స్ సార్ తీసుకున్నారు.

సభ అయ్యాక గేటు దగ్గర పీఆర్వో ఒకడు పిల్లలకు చాక్లెట్టూ కాగితమూ పంచుతున్నాడు. నౌపడ కుర్రాడికి కాగితం ఇవ్వబోయి, చెప్పులు చూసి చాక్లెట్ మాత్రమే ఇచ్చాడు.

నో డ్యూస్ కోసం మేం ఆఫీసుకి వెళ్లాం. అది లేకపోతే టీసీ కదలదు. ఫాదర్‌గారి 2,140 ఎప్పుడు వసూలు చేస్తారని గుమస్తాగారిని గౌరవంగా అడిగాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఆ రూలు స్టాఫ్‌కి వర్తించదండీ" అన్నాడు. రిజిస్టర్ తిరగేసి, మావాడి పేరు మీద మాత్రం ఇరవై రూపాయలు ఉందన్నాడు. దేనికని అడిగితే చూసి చెప్పాడు. ఒకటి ఆగస్టులో, మంచినీళ్లు అడిగినందుకు. రెండోది నవంబర్లో, మెట్ల మీద జారిపడినప్పుడు ‘అమ్మా’ అన్నందుకు.

అప్ప పర్సు తీసి ఇరవై ఇచ్చింది. రసీదులో ఆయన గబగబా ఏదో రాసి ముద్ర కొట్టాడు.

"ఏటని రాశాడ్రా?" అంది అప్ప బయటికొచ్చాక.

"మిసలేనియస్ అని."

"అంటే?"

"చిల్లర ఖర్చులు," అని అనువదించాను.