మార్కెట్ కళ్లకు గంతలు

ఫ్రాన్స్ ప్రభుత్వం 2026 జనవరి 1 నుంచి ఒక్క అంకె మార్చింది. అక్కడ ఇళ్లకు ఇంధన వినియోగాన్ని బట్టి ఏ (ఉత్తమం) నుంచి జి (అధమం) వరకు శ్రేణులు ఇస్తారు. ఆ లెక్కలో ఇళ్లలో వాడే విద్యుత్తును ప్రాథమిక ఇంధనంగా, అంటే దాన్ని తయారుచేయడానికి ఖర్చయ్యే ఇంధనంగా లెక్కగట్టే గుణకం అంతకుముందు 2.3. ఇప్పుడది 1.9. అంటే అదే విద్యుత్తు లెక్కలో తక్కువగా కనిపిస్తుంది. ఈ ఒక్క సవరణతో దాదాపు 8,50,000 ఇళ్లు ఇంధన దుబారాకు మారుపేరైన ఎఫ్, జి శ్రేణుల నుంచి బయటపడతాయని స్వయంగా ప్రభుత్వమే చెప్పుకొంది. ఆ ఇళ్ల గోడలు అవే, కిటికీలు అవే, చలికాలంలో పైకప్పు గుండా బయటికి పోయే వేడీ అంతే. తనిఖీదారు మళ్లీ ఆ ఇంటి గడప తొక్కనక్కర్లేదు. యజమాని ఇంటర్నెట్‌లో పాత ధ్రువపత్రం సంఖ్య నమోదు చేస్తే చాలు, కొత్త శ్రేణితో కాగితం చేతికి వస్తుంది.

ఇదేదో నిపుణుల లెక్కల వ్యవహారమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఆ దేశం 2021లో తెచ్చిన వాతావరణ చట్టం ప్రకారం జి శ్రేణి ఇళ్లను 2025 నుంచి కొత్తగా అద్దెకు ఇవ్వకూడదు. ఎఫ్ శ్రేణికి 2028లో, ఇ శ్రేణికి 2034లో అదే నిషేధం వర్తిస్తుంది. శ్రేణి మారిన ఇంటికి ఆ గడువు జరిగిపోతుంది. మరమ్మతు చేయించాల్సిన యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. అద్దెదారు మాత్రం అదే చలిలో ఉండి అదే బిల్లు కడతాడు. పైగా ఆ ఇల్లు పర్వాలేదని చెప్పే అధికారిక పత్రం ఒకటి ఇప్పుడు అతని ముందు పెడతారు. అంతకుముందు 2024 జులైలో 40 చదరపు మీటర్ల లోపు చిన్న ఇళ్లకు శ్రేణుల హద్దులు సవరించి సుమారు 1,40,000 ఇళ్లను ఇలాగే గట్టెక్కించారు. రెండేళ్ల లోపే రెండోసారి కొలబద్ద జరిగింది. రెండుసార్లూ ఒకే వైపు.

ఐరోపా సంఘం ప్రామాణికంగా తీసుకున్న గుణకం 1.9 అనీ, ఫ్రాన్స్ విద్యుత్తులో కర్బనం తక్కువ అనీ, గ్యాసు వాడే ఇళ్లతో పోలిస్తే విద్యుత్ హీటర్లున్న ఇళ్లకు పాత లెక్క అన్యాయం చేసిందనీ సమర్థకులు అంటున్నారు. అందులో కొంత నిజముంది. అయితే గుణకం సరిదిద్దినప్పుడు శ్రేణుల హద్దులనూ దానికి తగ్గట్టు సవరించి, దుబారా ఇళ్లను దుబారా జాబితాలోనే ఉంచవచ్చు. ఆ పని చేయలేదు. ఇంటి గోడల గుండా ఎంత వేడి పోతోందన్నది విద్యుత్తు ఎక్కడ తయారైందన్న దాన్ని బట్టి మారదు. కొనేవాడికి, అద్దెకు దిగేవాడికి ముందుగా తెలియాల్సింది ఆ సంగతే. దాన్ని మసిపూసి మారేడుకాయ చేశారు.

ఇదే ఐరోపాలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల లేబుళ్ల విషయంలో ఏం జరిగిందో గుర్తుచేసుకుంటే తేడా తెలుస్తుంది. అన్నీ ఏ ప్లస్ ప్లస్ ప్లస్ దగ్గర పోగుపడి, కొనేవాళ్లకు మంచి యంత్రమేదో తెలియకుండా పోయినప్పుడు, 2021 మార్చిలో ప్లస్‌లన్నీ తీసేసి మళ్లీ ఏ నుంచి జి వరకు కొత్త కొలత పెట్టారు. నిన్నటి దాకా అగ్రశ్రేణిలో ఉన్న ఫ్రిజ్ మర్నాడు సి లోకో డి లోకో దిగింది. తయారీదారులు తమ డిజైన్లు మెరుగుపరచుకోక తప్పలేదు. పదీ పదిహేనేళ్లు వాడి పారేసే ఫ్రిజ్‌కు అంత కఠినమైన కొలత పెట్టగలిగినవాళ్లు, యాభై అరవై ఏళ్లు నిలిచే ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మెత్తబడుతున్నారు?

మా అభ్యంతరమంతా ఈ రెండు నాల్కల ధోరణి మీదే. భవనాల్లో ఇంధన పొదుపు గురించి కఠినమైన నిబంధన ఏది ప్రతిపాదించినా, 'నిర్బంధం వద్దు, మార్కెట్టే దారికి తెస్తుంది' అనే జవాబు చాలా దేశాల ప్రభుత్వాల నుంచి వస్తోంది. సరే, మార్కెట్టే తేలుస్తుందనుకుందాం. మార్కెట్ తేల్చాలంటే సరుకు గుణం కొనేవాడికి తెలియాలి కదా? ఆ సమాచారం దగ్గరికి వచ్చేసరికి ఇదే ప్రభుత్వాలు తలుపులు మూసేస్తున్నాయి. నిబంధనను మార్కెట్ పేరుతో తోసిపుచ్చి, మార్కెట్‌కు కావలసిన సమాచారాన్ని యజమానుల ఇబ్బంది పేరుతో తొక్కిపెడితే మిగిలేది యథాస్థితి ఒక్కటే.

భవనాల రంగంలో సమాచార లోపం ఎంత ఖరీదైనదో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇల్లు చూడటానికి వెళ్లినవారికి గదులు కనిపిస్తాయి, రంగులు కనిపిస్తాయి. గోడ లోపల ఉష్ణ నిరోధక పొర ఉందో లేదో కనిపించదు. కిటికీ చట్రాల సందుల్లోంచి గాలి ఎంత పోతోందో, ఎండవైపు నిలబెట్టిన అద్దాల గోడ వేసవిలో ఏసీల మీద ఎంత భారం మోపుతుందో తెలియదు. తెలిసేది బిల్లు వచ్చాకే. అప్పటికి సంతకాలు అయిపోయి ఉంటాయి. అమ్మేవాడికి తెలిసిన లోపం కొనేవాడికి తెలియనప్పుడు మంచి సరుకుకు మంచి ధర రాదనీ, చివరికి మంచి సరుకే మార్కెట్ నుంచి తప్పుకుంటుందనీ పాత కార్ల ఉదాహరణతో ఆర్థికవేత్త జార్జ్ ఆకర్లాఫ్ 1970లోనే నిరూపించారు. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమతి అందుకున్నారు. భవనాలకు ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఎక్కువ ఖర్చు పెట్టి మంచి గోడ కట్టిన బిల్డర్‌కూ, పైపై మెరుగులతో సరిపెట్టిన బిల్డర్‌కూ ఒకే ధర పలికితే మొదటివాడు రెండోసారి ఆ పొరపాటు చేయడు.

అద్దె ఇళ్లలో చిక్కు ఇంకొకటి. ఖర్చు పెట్టాల్సింది యజమాని, బిల్లు తగ్గేది అద్దెదారుకు. తక్కువ బిల్లు వచ్చే ఇల్లని రుజువు చూపగలిగితే యజమాని కాస్త ఎక్కువ అద్దె అడగగలడు, అద్దెదారూ లెక్క చూసుకుని ఒప్పుకోగలడు. రుజువు లేకపోతే ఇద్దరూ అడుగు వేయరు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో తుది ఇంధన వినియోగంలో 30 శాతం భవనాల నిర్వహణకే పోతోంది. ఇంధన సంబంధిత కర్బన ఉద్గారాల్లో వాటి వాటా 26 శాతం. ఇంత పెద్ద పద్దు ఉన్న రంగంలో కొనుగోలుదారును చీకట్లో ఉంచడం అలసత్వం అనుకోలేం. అది ఎవరికో ఒకరికి లాభం.

సమాచారం బయటపెడితే ఏమవుతుందో చూడాలంటే ఆస్ట్రేలియాను చూడాలి. అక్కడి నాబర్స్ రేటింగ్ ఊహల మీద, నమూనా లెక్కల మీద ఆధారపడదు. పన్నెండు నెలల అసలు మీటర్ రీడింగులు తీసుకుని కార్యాలయ భవనానికి నక్షత్రాలు ఇస్తుంది. 2010లో వచ్చిన చట్టం ప్రకారం 2,000 చదరపు మీటర్లు దాటిన కార్యాలయ స్థలాన్ని అమ్మినా, అద్దెకిచ్చినా ఆ రేటింగ్‌ను ప్రకటనలోనే చూపాలి. 2017 జులైలో ఆ హద్దును 1,000 చదరపు మీటర్లకు దించారు. అంటే అక్కడ కాలం గడిచే కొద్దీ నియమం బిగిసింది. భవనం కట్టకముందే ఫలానా రేటింగ్ సాధిస్తామని నిర్మాణ సంస్థలు ఒప్పందం రాసిచ్చే పద్ధతి కూడా అక్కడ ఉంది. అద్దెకు దిగే కంపెనీలు నక్షత్రాలు అడగడం మొదలుపెట్టాక యజమానులు నిర్వహణ ఇంజినీర్ల మాట వినడం మొదలుపెట్టారు. మార్కెట్ పనిచేయడమంటే ఇదీ.

అమెరికాలోని ఆస్టిన్ నగరం 2009 నుంచి పదేళ్లు దాటిన ఇల్లు అమ్మేవారు ఇంధన తనిఖీ చేయించి నివేదికను కొనుగోలుదారుకు ఇవ్వాలని నియమం పెట్టింది. ఆ నియమం వచ్చాక ఇళ్ల ధరల్లో ఇంధన సామర్థ్యం మరింత స్పష్టంగా ప్రతిఫలించిందని, యజమానులు మెరుగులకు ముందుకొచ్చారని పరిశోధకులు తేల్చారు. న్యూయార్క్ 2009లో చేసిన చట్టంతో పెద్ద భవనాలు ఏటా తమ వినియోగాన్ని నగర పాలక సంస్థకు నివేదిస్తున్నాయి. ఆ వివరాలు ఎవరైనా చూడవచ్చు. 2020 నుంచి భవనం ముఖద్వారం దగ్గరే ఏ, బి, సి, డి అక్షరం అతికించాలి. ఆకాశహర్మ్యాల యజమానులకు గుమ్మం మీద డి అక్షరం ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. ఆ ఇబ్బందే అక్కడ పని చేయిస్తోంది.

అయితే ఆ అక్షరాన్ని లెక్కగట్టేది అమెరికా పర్యావరణ సంస్థ నడిపే ఎనర్జీ స్టార్ అనే ఇంధన పొదుపు లేబుల్ కార్యక్రమపు స్కోరుతో. 1992లో మొదలైన ఆ కార్యక్రమాన్నే ఎత్తివేయడానికి సన్నాహాలు జరుగుతున్నాయని 2025 మేలో వార్తలు వచ్చాయి. ఏడాదికి దాని ఖర్చు సుమారు 3.2 కోట్ల డాలర్లు. వినియోగదారులకు ఏటా మిగిలే ఇంధన ఖర్చు దాదాపు 4,000 కోట్ల డాలర్లని ఆ సంస్థ లెక్కలే చెబుతున్నాయి. కొనసాగించాలని కోరినవారిలో పరికరాల తయారీదారులూ, వ్యాపార సంఘాలూ ఉన్నాయి. మార్కెట్ పేరు జపించే పాలకులకు మార్కెటే వచ్చి ఈ లేబుల్ కావాలని అడిగింది. అప్పుడు దాని మాట వినడానికి తటపటాయింపు ఎందుకు?

బ్రిటన్‌లోనూ ఇదే వరస. అక్కడ కనీసం ఇ శ్రేణి లేని ఇంటిని కొత్తగా అద్దెకు ఇవ్వరాదని 2018లో నియమం తెచ్చారు. దాన్ని సి శ్రేణికి పెంచుతామని ప్రకటించి, ఏళ్ల తరబడి చెప్పి, 2023 సెప్టెంబరు 20న అప్పటి ప్రధాని రిషి సునాక్ ఒక్క ప్రసంగంతో ఆ ప్రతిపాదనకు నీళ్లు వదిలారు. తరువాతి ప్రభుత్వం 2030 గడువుతో మళ్లీ దాన్నే ముందుకు తెచ్చింది. ఈ ఊగిసలాటలో నష్టపోయింది ఎవరు? ప్రభుత్వ మాట నమ్మి ముందే డబ్బు ఖర్చు పెట్టిన యజమాని. లాభపడింది ఏమీ చేయకుండా కూర్చున్నవాడు. రేపు ఏ ప్రభుత్వం ఏ గడువు ప్రకటించినా నమ్మేదెవరు?

ఐరోపా సంఘం కూడా అతీతం కాదు. అట్టడుగు శ్రేణి ఇళ్లు 2030 నాటికి ఒక మెట్టు, 2033 నాటికి మరో మెట్టు ఎక్కాలని 2021 డిసెంబరులో ప్రతిపాదించిన నిబంధనను 2024 నాటి తుది ఆదేశంలో నీరుగార్చారు. ఇప్పుడు ఇళ్ల సగటు వినియోగం 2030 నాటికి 16 శాతం తగ్గితే చాలు. సగటు అనే మాటలో ఏ ఇల్లయినా దాక్కోగలదు. అదే ఆదేశం శ్రేణులన్నిటినీ ఒకే కొలతకు తేవాలని, భవనాల ఇంధన వివరాల డేటాబేస్‌లు ఏర్పాటు చేయాలని సభ్య దేశాలను కోరింది. అమలుకు 2026 మే 29ని గడువుగా పెట్టింది. ఆ సంవత్సరారంభంలోనే ఓ పెద్ద సభ్య దేశం 8,50,000 ఇళ్ల శ్రేణులు పైకి జరిగేలా గుణకం మార్చింది. ఒకరు సవరిస్తే మిగతావారికి దారి దొరుకుతుంది. మరమ్మతుల కోసం రుణాలు, రాయితీలు వెతుక్కోవడం కంటే సూత్రంలో అంకె మార్చడం ఏ ఆర్థిక మంత్రికైనా చవకే.

చిన్న యజమానుల మీద భారం పడుతుందని, ఒకే ఇంటికి ఇద్దరు తనిఖీదారులు వేర్వేరు శ్రేణులు ఇస్తున్నారని విమర్శలున్నాయి. భారానికి జవాబు ఆర్థిక సాయం. తప్పుడు ధ్రువపత్రాలకు జవాబు తనిఖీదారుల మీద తనిఖీ, అసలు మీటర్ రీడింగుల ఆధారంగా రేటింగ్. కొలత తప్పుగా ఉందని కొలవడమే మానేయడం, లేదా ఫలితం నచ్చలేదని సూత్రం మార్చడం జవాబు కాదు. అసలు వినియోగం వెల్లడించమంటే వ్యక్తిగత గోప్యత అడ్డొస్తుందనే వాదన కూడా ఉంది. ఇంటి చిరునామా, యజమాని పేరు లేకుండా వీధుల వారీగా, భవనాల రకాల వారీగా వినియోగ వివరాలు ప్రచురించడానికి ఏ గోప్యతా అడ్డు రాదు.

ఇళ్ల అమ్మకం, అద్దె ప్రకటనల్లో ఇంధన శ్రేణితో పాటు గత ఏడాది అసలు వినియోగం కూడా చూపాలి. శ్రేణి లెక్క మార్చితే పాత శ్రేణి, కొత్త శ్రేణి రెండూ ధ్రువపత్రం మీద పక్కపక్కన ఉండాలి. పని చేయించడం వల్ల మెరుగైందో, ఏ పనీ చేయకుండానే మెరుగైందో కొనేవాడు చూసి తెలుసుకుంటాడు. ఇంగ్లండ్, వేల్స్‌లో 250 చదరపు మీటర్లు దాటి ప్రజలు తరచూ వచ్చే ప్రభుత్వ భవనాలు తమ అసలు వినియోగం ఆధారంగా ఇచ్చిన శ్రేణిని అందరికీ కనిపించేలా పెట్టాలన్న నియమం ఉంది. మిగతా ప్రభుత్వాలు కనీసం అంతవరకైనా తమ మంత్రిత్వ శాఖల నుంచి మొదలుపెట్టవచ్చు. సొంత కార్యాలయం ఎంత విద్యుత్తు మింగుతోందో గుమ్మం మీద రాయడానికి జంకే మంత్రులు, ఇల్లు కొనే పౌరుడికి మార్కెట్ మీద భరోసా ఉంచమని ఉపదేశించడం మానుకోవాలి.