ఆవకాయ పంచాలి గానీ అమ్మకూడదు

పొలాలు అమ్మేశాం, ఇత్తడి బిందెలు పాత సామాన్లవాడికి వేసేశాం. కానీ సొంత చేత్తో చేసిన వస్తువుకి ధర చెప్పాలంటే కలిగే భయాన్ని మాత్రం ఏమాత్రం చెక్కుచెదరకుండా పిల్లలకి అప్పగిస్తూ వస్తున్నాం. ఇప్పుడేమో ఎవరెవరో వీడియోలు చేసి, భయపడకండి, వంటింట్లోంచే వ్యాపారం మొదలుపెట్టండి అని మన ఆడవాళ్ళని రెచ్చగొడుతున్నారు. దీన్ని ఖండించడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి నేనే పూనుకున్నాను.

అసలు ఇప్పుడు నడుస్తున్న పద్ధతికేం తక్కువైంది? వేసవి రాగానే ఇంటి ఇల్లాలు ఆవకాయ కోసం మార్కెట్‌కి వెళ్ళి, టెంక ముదిరిన పుల్లటి కాయలు ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరి, కాయకింతని ఇచ్చి ముక్కలు కొట్టించి, ఇంటికొచ్చి ప్రతి ముక్కలోంచీ జీడి తీసి, పొర గీకి, పొడిబట్టతో తుడిచి, ఆవపిండీ కారం ఉప్పూ కలిపి పప్పునూనె పోసి, మూడోరోజు తిరగకలిపి, ఊట చాల్లేదని ఇంకో గ్లాసు నూనె పోస్తుంది. ఆ జాడీలోంచి ఆడపడుచుకో సీసా, తోటికోడలికో సీసా, డల్లాస్‌లో ఉన్న మేనల్లుడికి సూట్‌కేసులో కారకుండా కవరు మీద కవరు చుట్టి రెండు కేజీలు. ఇంతవరకూ ఎవరికీ ఏ భయమూ లేదు. ఏడాది నిలవుంటుందా అని అడిగిన నాథుడు లేడు. అదే సీసా మీద కేజీ ఇంత అని చిన్న కాగితం అంటించమనండి, ఆవిడకి చెమటలు పట్టేస్తాయి. బూజు పడుతుందేమో, ఉప్పెక్కువైందేమో, ఎవరైనా కేసు పెడతారేమో!

లైసెన్సు భయం వీటన్నిటిలోకీ మేలురకం, దాని చాటున పదేళ్ళు హాయిగా గడిపేయొచ్చు. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్ముకునే చిన్నవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు అని రాసిపెట్టారు. ఈ సంగతి దయచేసి ఎవరి చెవినా వెయ్యకండి. వంద రూపాయలతో వదిలిపోయే భయం అని తెలిస్తే పరువేం కాను? కనీసం లక్షన్నా ఖర్చవుతుందంటే నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది.

ధర కట్టడంలో కూడా మన సంప్రదాయం మనకుంది. కాయలు, కారం, ఆవాలు, నూనె లెక్కేస్తారు. ముక్కలు కొట్టిన కూలి, సీసా, కొరియరు మర్చిపోతారు. రెండ్రోజుల నడుంనొప్పి ఏ పద్దులో రాయాలో తెలీక వదిలేస్తారు. వచ్చిన అంకె చూసి, అమ్మో ఇంతా అని సిగ్గుపడి యాభై తగ్గిస్తారు. తగ్గించాక కూడా దాన్ని బయటికి చెప్పరు, 'ధర కోసం మెసేజ్ చేయగలరు' అని పెడతారు. (ఆ మెసేజ్ పెట్టినవాళ్ళకి జవాబివ్వడానికి మళ్ళీ టెన్షను.)

ఇంత చేసి దాన్ని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వేస్తే వరసగా దణ్ణాలు, చప్పట్లు, 'ఆల్ ది బెస్ట్ వదినా'. ఆర్డరు మాత్రం ఒక్కటీ రాదు. సాయంత్రానికి పెద్దత్తగారి ఫోను: "ఏమ్మా, అబ్బాయి ఉద్యోగం బానే ఉందిగా?" ఆ ఒక్క మాటతో ఆ ఏటి వ్యాపారం సరి. అది కూడా తట్టుకుని నిలబడినవాళ్ళ కోసం ఆడపడుచు దగ్గర ఇంకోటుంది, "మనలో మనకి డబ్బులేంటి వదినా" అని. ఈ ముక్క ఎప్పుడన్నా సరే, ఒక సీసా పోయినట్టే లెక్క.

భయం లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలిగా. 1959లో బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని, డాబా మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. మొదటిరోజు అయినవి నాలుగు ప్యాకెట్లు. మనవాళ్ళయితే అక్కడే ఆపి, పీట తుడిచి పెట్టేసి పరువు దక్కించుకునేవాళ్ళు. వాళ్ళకా ఇంగితం లేకపోయింది. పైగా నష్టమొచ్చినా సరే చందాలు అడగకూడదని పట్టుబట్టారట. అదే లిజ్జత్ అప్పడాల సంస్థ అయి వేలమంది ఆడవాళ్ళకి పని పెట్టింది, ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఇదంతా జరుగుతుంటే వాళ్ళ పెద్దత్తగార్లు ఏం చేస్తున్నట్టో నాకిప్పటికీ అంతుపట్టదు.

కాబట్టి ఇప్పటికే మనసు చలించి అమ్మకానికి దిగినవాళ్ళకి నా హెచ్చరిక ఒకటే, ముక్కూమొహం తెలియనివాళ్ళతో జాగ్రత్త. బంధువులైతే సీసా ఖాళీ చేసి కూడా ఎలా ఉందో చెప్పరు, మన భయం భద్రంగా ఉంటుంది. ఆ తెలియనివాళ్ళు అలా కాదు, అడిగిన ధర ఫోన్లో ముందే వేసేస్తారు. పదిరోజులయ్యాక ఫోన్ చేసి, ఉప్పు కొంచెం ఎక్కువైందండీ అని మొహమాటం లేకుండా అనేసి, ఈసారి తగ్గించి ఇంకో రెండు కేజీలు పంపమంటారు. ఇలాంటివాళ్ళు ఓ పదిమంది తగిలారంటే తాతలనాటి భయం మూడు నెలలు కూడా ఆగదు. అందుకని కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తకండి.